కుడికాలికి పొద్దుటి నడక

కార్తీక బహుళ విదియ

పడవ వెళ్ళిపోయింది. మళ్ళీ పౌర్ణమి దాటేదాకా సముద్రం మధ్య ఈ దిమ్మ మీద నేను తప్ప మనిషి ఉండదు.

సరంగు పెంటయ్య ఈసారి బియ్యం, కందిపప్పు, చింతపండుతో పాటు ఒక చల్లపెట్టె దించాడు. అందులో ఓలేటి ధర్మారావు అనే మనిషి కణాలున్నాయి. నీళ్ళ మీద తెప్పలతో కట్టిన తేలుడు ఊళ్ళో పడవల వడ్రంగి. గాలివానలో రెండు తెప్పల మధ్య ఇరుక్కుని కుడికాలు తుంటితో సహా నుజ్జయిపోయిందట. నడుము కింద కుడివైపు కటి ఎముక, తొడ ఎముక, మోకాటి చిప్ప, పిక్కలోని రెండు ఎముకలు, పాదం మొత్తం నేను పెంచి పంపాలి. సముద్రం ముందుకొచ్చాక రేవైన సామర్లకోట ఆసుపత్రిలో ఆయన ఎడమకాలితో ఎదురుచూస్తున్నాడు.

ఈ దిమ్మ మీద ఒకప్పుడు సముద్రం అడుగునుంచి గ్యాసు తోడేవారు. ఇప్పుడు ఎముకలు పెంచుతున్నాం. ఒడ్డున గాలిలో బూజు ఎక్కువ, ఒక్క రేణువు పడినా ఎముకలు పెరిగే మడి మొత్తం పాడవుతుంది. అందుకే ఇంత దూరం, అందుకే ఒక్క మనిషి.

మధ్యాహ్నం మడి కడిగి, సున్నపు అచ్చులు పేర్చి, కణాలు చల్లాను. కటి ఎముక అచ్చు చేతిలోకి తీసుకున్నప్పుడల్లా విరిగిన మట్టికుండ పెంకులాగే కనిపిస్తుంది నాకు. దాని పక్కన ఒక గుంట. తొడ ఎముక తల ఆ గుంటలో కూర్చుంటుంది. ఆ కూర్చోవడం కుదిరితే మనిషి నిలబడతాడు.

పని అయ్యాక "ఇక పడుకోండి" అని మడితో అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. పెంటయ్య వెళ్ళాక మాట్లాడిన మొదటి మాట అదే.


మార్గశిర శుద్ధ షష్ఠి

తొడ ఎముక మెడ దగ్గర గుల్లగా ఉంది. వేలితో మీటితే చప్పుడు డొల్లగా వస్తోంది.

ఎముకకు ఆహారం పెట్టినంత మాత్రాన గట్టిపడదు. దాని మీద బరువు పడాలి. ఎక్కడ ఒత్తిడి పడితే అక్కడ మందంగా పేరుకుంటుంది, పడని చోట కరిగిపోతుంది. అందుకే మడి చుట్టూ ఒత్తుడు కడ్డీలున్నాయి. మనిషి ఎలా నడిచేవాడో ఆ తీరున అవి ఎముకల్ని నొక్కుతూ ఉంటాయి. ఒడ్డున ఉండేవాళ్ళ చెప్పుల్లోని తీగలే వాళ్ళ నడకను రాసి ఉంచుతాయి కనుక వాళ్ళతో చిక్కు లేదు. తేలుడు ఊళ్ళవాళ్ళు ఉత్తకాళ్ళతో తిరుగుతారు. ధర్మారావు నడక ఎక్కడా లేదు.

అలాంటప్పుడు వాడమని యంత్రంలో ఒక సగటు నడక పెట్టారు. దాన్ని నేను ఎవరిదీ కాని నడక అంటాను. వేలమంది నడకల్ని కలిపి చేసింది. అది చిన్న ఎముకలకు సరిపోతుంది. సగం కటికి సరిపోవడం లేదు. ఆయన ఒంట్లో మిగిలిన ఎడమ సగం ఒక నడకకు అలవాటుపడి ఉంది, నేను పెంచుతున్న కుడి సగం మరో నడకకు అలవాటుపడుతోంది. రెండూ ముందువైపు కలిసే చోట చీలిపోతాయి.

డాక్టర్ ఫణీంద్రకు రేడియోలో ఇదంతా చెప్పాను. ధర్మారావు గాయాన్ని మాఘ మాసం పడవ దాకానే తెరిచి ఉంచగలరట. ఆ తరువాత కండ ముడుచుకుపోయి గట్టిపడుతుంది, ఎంత మంచి ఎముక పంపినా పట్టదు. ఆయన నడక తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటారేమో కనుక్కోమన్నాను. ఎవరైనా ఇక్కడికి వచ్చి, కాళ్ళ కింద తిరిగే పట్టా మీద ఆయనలా నడిచి చూపిస్తే కడ్డీలకు అది నేర్పవచ్చు.

అలా ఎవరైనా నడవగలరా అని ఆయన అడిగారు. నాకూ తెలియదని చెప్పాను.


మార్గశిర బహుళ పాడ్యమి

పడవలో ఒక మనిషి దిగింది.

ధర్మారావు భార్య నూకరత్నం. ముప్పై అయిదేళ్ళుంటాయేమో. నల్లగా, సన్నగా, చేతులు మాత్రం తాళ్ళు లాగిన చేతులు. బూజు లోపలికి రాకుండా వచ్చినవాళ్ళందరూ ఉప్పునీళ్ళలో తల మునిగేలా స్నానం చేసి, కట్టుకున్న బట్టలు బయటే వదిలేయాలి. ఆమె మారు మాట్లాడకుండా చేసింది. నా చీర ఒకటి ఇచ్చాను. పొట్టిగా ఉంది, సర్దుకుంది.

మామూలుగా పెంటయ్య తెచ్చే కబుర్లతో నెల గడిపేదాన్ని. ఇప్పుడు ఎదురుగా మనిషి కూర్చునేసరికి ఏం అడగాలో తోచలేదు. అన్నం వండటానికి లేచాను. ఇద్దరికి ఎన్ని బియ్యం పోయాలో మర్చిపోయాను. చివరికి ఆమె లేచి వచ్చి గిన్నెలో చెయ్యి పెట్టి చూసి, ఇంకొంచెం పోసింది.

తిన్నాక పట్టా చూపించాను. తీగలు కుట్టిన లాగు తొడుక్కుని పట్టా మీద నడిస్తే, ఆ బరువు పడిన తీరు కడ్డీలకు చేరుతుందని చెప్పాను. ఆయనలా నడవగలవా అని అడిగాను.

ఆమె లాగును అటూ ఇటూ తిప్పి చూసింది. తరువాత అంది:

"రెండు నడకలున్నాయక్కా ఆడికి. పొద్దున్న పనికెళ్ళేది ఒకటి. సాయంత్రం తాగొచ్చేది ఒకటి. రెండూ నాకొచ్చు. నీకేది కావాల?"

నేను జవాబు చెప్పేలోపే తనే తేల్చేసింది.

"పొద్దుటిదే ఇస్తాను."


మార్గశిర బహుళ పంచమి

ఆమె నడుస్తుంటే ఆ మనిషిని చూసినట్టే ఉంది. నేను ధర్మారావును ఎప్పుడూ చూడలేదు, అయినా ఎదురుపడితే పోల్చుకోగలను.

కుడి మడమ ముందుగా గట్టిగా పడుతుంది. పాదం కొద్దిగా బయటికి తిరుగుతుంది. వెనకే ఎడమకాలు తొందరగా వచ్చేస్తుంది. తెప్ప పలకల మధ్య సందులు దాటే అలవాటు కనుక మోకాలు అవసరానికి మించి లేస్తుంది. మొదటి రోజు ఏదో తక్కువైందని తనే ఆగిపోయింది. కుడి భుజానికి పనిముట్ల సంచి ఉండేదట. గోనెసంచిలో బియ్యం పోసి తగిలించుకుంది. అప్పుడు నడుము ఒకవైపు ఒరిగింది, నడక కుదిరింది.

ఇంత బాగా ఎలా తెలుసని అడిగాను. పెళ్ళయిన దగ్గర్నుంచి పొద్దున్నే ఆ చప్పుడు దూరమయ్యేదాకా వినేదాన్నని చెప్పింది. అంతకు మించి చెప్పలేదు. నేను అడగలేదు.

తొడ ఎముక మెడ దగ్గర కొత్త గీతలు కనిపిస్తున్నాయి. ఇంటి కప్పుకు దూలాలు వేసినట్టు, బరువు పడే దారి వెంట ఒకదాని పక్కన ఒకటి పేరుకుంటున్నాయి. మీటి చూశాను. చప్పుడు నిండుగా ఉంది.


మార్గశిర బహుళ ఏకాదశి

నూకరత్నం తొట్టెల్లో గోంగూర కోసి పచ్చడి చేసింది. ఎండుచేప లేకుండా ముద్ద దిగదని సణిగింది. మడి దగ్గర చేపవాసన తగలకూడదని నేను సర్దిచెప్పాను. ఇంత మామూలు విషయానికి ఇద్దరం వాదించుకోవడం ఎంత బాగుందో ఇక్కడ రాయడానికి సిగ్గుగా ఉంది.

మధ్యాహ్నాలు దిమ్మ అంచున కమ్మీ దగ్గర కూర్చుని నీళ్ళకేసి చూస్తూ ఉంటుంది. ఒంటరిగా ఎలా ఉంటున్నావని అడిగింది ఒకసారి. అలవాటైపోయిందన్నాను. అది అబద్ధం కాదు. అలవాటు తప్పుతుందేమోనని ఇప్పుడు భయంగా ఉంది.


పుష్య శుద్ధ తదియ

ఈ రోజు తెర మీద కడ్డీల ఒత్తిడి గీత తేడాగా ఉంది.

కటి ఎముక బయటి అంచున అనవసరంగా మందం పేరుకుంటోంది. పాదం ఈడ్చినప్పుడు పడే ఒత్తిడి అది. పరుగున వెళ్ళి చూశాను. నూకరత్నం పట్టా మీద తల వంచుకుని నడుస్తోంది. రెండడుగులు వేసి కాలు ఈడ్చుతోంది, ఆగుతోంది, మళ్ళీ గబగబా వస్తోంది. మొహాన చెమట. నేను పట్టా ఆపేదాకా ఆమెకు నేను వచ్చినట్టే తెలియలేదు.

ఇది పొద్దుటిది కాదు కదా అన్నాను.

ఆమె కింద కూర్చుండిపోయింది. సంచి భుజం మీంచి జారి బియ్యం ఒలికాయి.

"నాకు తెలీకుండానే వచ్చేసిందక్కా. ఆ అడుగులు ఇనపడితే పొయ్యార్పేసి తెప్ప కిందకి దిగిపోయేదాన్ని, నీళ్ళల్లోకి. పైన ఆడు తిరుగుతుంటే కింద పలక పట్టుకుని యేలాడేదాన్ని. ఇప్పుడెక్కడికి దిగను? నా కాళ్ళల్లోంచే వత్తన్నాయి."

లాగు విప్పేసింది. తడి గుడ్డతో కాళ్ళు తుడుచుకుంది, మళ్ళీ మళ్ళీ తుడుచుకుంది. నేను బియ్యం ఏరుతూ పక్కనే కూర్చున్నాను.

కడ్డీలకు ఆ భాగం మరిపించాను. పేరుకున్న మందం మాత్రం అలాగే ఉంది. దాని మీద బరువు పడకుండా చూస్తే మెల్లగా కరుగుతుంది. కానీ మిగతా ఎముకకు బరువు కావాలి. ఇప్పుడు నడిచే మనిషి లేదు.


పుష్య శుద్ధ పంచమి

డాక్టర్ ఫణీంద్ర పొద్దున్నా సాయంత్రం రేడియోలోకి వస్తున్నారు. నచ్చజెప్పమంటారు. ఒక మనిషి జీవితం ఆమె కాళ్ళ మీద ఆధారపడి ఉందని చెప్పమంటారు. మంచివారే ఆయన. ఎదుట మంచం మీద ఉన్నవాణ్ణి చూస్తున్నారు కనుక అలా అంటున్నారు.

"పట్టా ఎక్కమని నేను అడగనండి" అని చెప్పాను. "ఆవిడే ఎక్కితే వద్దనను."

పుష్య మాసం పడవలో వెళ్ళిపోవాలంటే వెళ్ళిపోవచ్చని నూకరత్నానికి కూడా చెప్పేశాను. అలా చెప్పడం నాకు ఎంత కష్టమైందో ఆమెకు తెలియనివ్వలేదు.

అప్పుడు ఆమె అసలు సంగతి చెప్పింది. రెండేళ్ళుగా తను వేరే తెప్పలో వాళ్ళ అక్క దగ్గర ఉంటోందట. పెళ్ళినుంచి విడుదల ఇప్పించమని ఊరి పెద్దల్ని అడిగిందట. పెద్దలు కూర్చోవలసిన వారంలోనే గాలివాన వచ్చి ధర్మారావు కాలు పోయింది.

"కాలు లేనోణ్ణి వొదిలేత్తే ఊరికి మంచిది కాదంట. ఆడు లేచి నడిచేదాకా నేను ఆడి పెళ్ళాన్నే అన్నారు. ఆడు నడిత్తేనే నేను బయటపడేది. అందుకొచ్చేను. జాలిపడి వచ్చేననుకుంటున్నారు డాక్టరు బాబు. అనుకోనీ."

ఆయన నడవకపోతే ఏమవుతుందని అడిగాను.

"తీసుకొచ్చి నా మంచం పక్కన ఏత్తారు. కాళ్ళు లేపోతేనేం, చేతులున్నాయిగా ఆడికి."

సముద్రం దిమ్మ కాళ్ళకు కొట్టుకుంటూ ఉంది.


పుష్య శుద్ధ సప్తమి

పొద్దున్నే లేచేసరికి తను లాగు తొడుక్కుని సంచి తగిలించుకుని పట్టా దగ్గర నిలబడి ఉంది.

"నన్ను నా అడుగులు ఇననియ్యకక్కా" అంది. "ఏదో ఒకటి మాటాడుతా ఉండు."

ఏళ్ళ తరబడి మాట్లాడని మనిషిని మాట్లాడమంటే ఏం మాట్లాడతాను? నాకు తెలిసినవి ఎముకలే. పట్టాకు ఎదురుగా ముక్కాలిపీట వేసుకుని వాటి పేర్లే చెప్పడం మొదలుపెట్టాను. అవి ఎక్కడుంటాయో తన ఒంటి మీద తాకి చూసుకోమన్నాను, నడుస్తూనే. చేతుల్ని మొండేనికి కలిపే చోట భుజాల చుట్టూ ఒక కట్టు, కాళ్ళను కలిపే చోట నడుము చుట్టూ ఒక కట్టు. పైకట్టు వదులుగా ఉంటుంది, అందుకే చెయ్యి అన్నివైపులకూ తిరుగుతుంది. కిందికట్టు బిగుతుగా ఉంటుంది, అందుకే మనిషి నిలబడగలుగుతాడు. వీపున పలకలా ఉండేది రెక్క ఎముక. దండచేతిలో ఒకటే ఎముక. ముంజేతిలో రెండు, అరచెయ్యి బోర్లించినప్పుడు ఒకదాని మీదకి ఇంకొకటి ఎక్కుతుంది.

ఆమె చెయ్యి బోర్లించి, మళ్ళీ తిప్పి చూసుకుంది.

"ఇయ్యన్నీ నాయేనా అక్కా?"

నీవే అన్నాను. మెడ కింద అడ్డంగా ఉండే జత్రుక దగ్గరికి వచ్చేసరికి ఎక్కడో దొరకడం లేదంది. పట్టా ఆపి నేనే తడిమి చూపించాను. ఎడమవైపు దాని మధ్యలో గట్టి బుడిపె తగిలింది. విరిగి, కట్టు కట్టేవాళ్ళు లేక వంకరగా అతుక్కున్న ఎముక. ఆమె నా మొహంకేసి చూసింది. నేను చెయ్యి తీసేసి తరువాతి ఎముక పేరు చెప్పాను. ఆమె నడక మొదలుపెట్టింది.

సాయంత్రాలు నడవవద్దని నియమం పెట్టాను. పొద్దుటి పూట మాత్రమే.


పుష్య బహుళ అష్టమి

పడవ వచ్చి వెళ్ళింది. నూకరత్నం ఎక్కలేదు.

ఎముకల పేర్లన్నీ అయిపోయాయి. ఇప్పుడు తనే నాకు చెబుతోంది, తప్పు లేకుండా. పాదంలోని చిన్న ఎముకలకు నేను చెప్పిన పేర్లు నోరు తిరగక తన పేర్లు పెట్టుకుంది. రొయ్య, గవ్వ, పీతకన్ను. మడిలోని పాదం కడిగేటప్పుడు నాకు కూడా ఆ పేర్లే గుర్తొస్తున్నాయి.

బయటి అంచున ఉన్న మందం కరిగింది. డాక్టర్‌గారు కొలతలు చూసి, ఎడమ సగంతో సరిపోతోందని ఒకటికి రెండుసార్లు అన్నారు. నూకరత్నానికి చెబితే తలూపింది. ఆ రోజు మాత్రం రెండు ముద్దలు ఎక్కువ తింది.


మాఘ బహుళ పాడ్యమి

కోత అయింది. తెల్లవారగానే ఎముకల్ని మడిలోంచి తీసి, గాజుపెట్టెల్లో సర్ది మూతలు బిగించాను. నూకరత్నం దూరంగా నిలబడి చూసింది. దగ్గరికి రాలేదు. తొడ ఎముక పెట్టెలోకి వెళుతున్నప్పుడు, తెప్ప దూలంలా ఉందని మాత్రం అంది.

పెంటయ్య రావడానికి ఇంకా పొద్దుంది. తన నడక ఒకటి ఇచ్చి వెళ్ళమని అడిగాను. తేలుడు ఊరి మనిషి కదా, ఏ చెప్పులోనూ ఆమె లేదు. రేపు ఏ ఎముకైనా విరిగితే పనికొస్తుందని చెప్పాను. అది నిజమే. అడగడానికి అదొక్కటే కారణం మాత్రం కాదు.

సంచి లేకుండా పట్టా ఎక్కింది. ఒక అడుగు వేసి ఆగింది. అది ధర్మారావు అడుగు. మళ్ళీ వేసింది, అదే వచ్చింది. దిగిపోయింది.

"నాదెలా ఉంటదో నాకు తెలీదక్కా."

తొందరేమీ లేదన్నాను. కాసేపటికి మళ్ళీ ఎక్కింది. ఈసారి మునివేళ్ళు ముందు ఆనించి, మడమ ఎత్తిపట్టి, చప్పుడు కాకుండా నడిచింది. ఇంట్లో ఎవరినీ లేపకూడదనుకునే మనిషి నడక. చాలాసేపు అలాగే నడిచింది. మెల్లగా మడమ కిందికి దిగడం మొదలైంది. తరువాత ఆనింది. తరువాత గట్టిగా ఆనింది. పట్టా టకటకమని మోగింది. ఆమె తలెత్తి, ఎవరో వస్తున్నారన్నట్టు తలుపువైపు చూసింది. తన అడుగులేనని తెలిసి, ఆగకుండా నడుస్తూనే ఉంది.

పడవ కూత వినిపించింది. నా చీర తీసుకెళ్ళమన్నాను. పొట్టిదైనా కట్టుకునే వెళ్ళింది. నిచ్చెన దిగుతూ, ఒడ్డుకు రావా అక్కా అని అడిగింది. నా తరువాత ఇక్కడికి వచ్చేవాళ్ళు దొరకాలి కదా అన్నాను. ఇంకేదైనా చెప్పవలసిందేమో. పడవ కనుమరుగయ్యేదాకా కమ్మీ దగ్గర నిలబడి, తరువాత లోపలికి వచ్చి మడి కడుక్కున్నాను.


ఫాల్గుణ బహుళ తదియ

ధర్మారావు నిలబడ్డాడు. ఆసుపత్రి వసారాలో ఆ చివరిదాకా కర్ర లేకుండా నడిచి, వెనక్కి తిరిగి వచ్చాడట. డాక్టర్ ఫణీంద్ర గొంతులో ఇంత సంతోషం నేనెప్పుడూ వినలేదు. పెద్దలు వచ్చి కళ్ళారా చూసి వెళ్ళారు. నూకరత్నానికి విడుదల అయింది. ఆమె వలల కార్ఖానాలో చేరిందని పెంటయ్య చెప్పాడు. ఏ ఊళ్ళోనో చెప్పాడు గాని, అది ఇక్కడ రాయను.

డాక్టర్‌గారు ఇంకో మాట కూడా అడిగారు. ధర్మారావు మంచం దిగిన రోజు నుంచీ ఒకటే పట్టుదలగా ఉన్నాడట. ఇది తన నడకేనని, తన నడక ఎవరు నడిచి చూపించారో చెప్పమని. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడట. నూకరత్నం పేరు చెప్పేయనా అన్నారు. చెబితే ఆమెకు మంచే జరుగుతుందేమోనని డాక్టర్‌గారి ఆశ.

ఆ కన్నీళ్ళు నిజమైనవే కావచ్చు. నాకు జత్రుక మీద తగిలిన బుడిపె గుర్తొచ్చింది.

"యంత్రమే నడిచిందని చెప్పండి" అన్నాను. "మీరు కూడా అలాగే నమ్మితే మంచిది, డాక్టరు గారూ."

సరే మంగతాయారు గారూ అన్నారాయన. రేడియో కట్టేశాక ఆ గది ఎంత ఖాళీగా ఉందో తెలిసింది.


చైత్ర బహుళ విదియ

కొత్త చల్లపెట్టె వచ్చింది. పదమూడేళ్ళ పిల్ల. పుట్టుకతోనే నడుము కట్టు సరిగా ఏర్పడలేదు, తుంటి గుంటలు రెండూ లేవు. ఎప్పుడూ నడవలేదు కనుక ఆమెకు నడకంటూ లేదు. ఏ నడక ఇస్తే అదే ఆమెదవుతుంది. ఎవరిదీ కాని నడక చాలని పైనుంచి కాగితం వచ్చింది.

పిల్ల సంగతి రేడియోలో ముందే విన్నాను కనుక, నీ నడక ఒక పిల్లకు ఇవ్వనా అని క్రితం పడవలోనే పెంటయ్య చేత నూకరత్నానికి కబురు పంపి అడిగించాను. ఈ రోజు జవాబు తెచ్చాడు. పిల్ల ఎవరని గాని, ఎక్కడిదని గాని ఆమె అడగలేదట. "ఇచ్చేయమను, నడవనీ" అందట. ఎండుచేపలు పొట్లం కట్టి ఇచ్చింది. మడికి దూరంగా బయట కమ్మీకి వేలాడదీసి, అక్కడే నిలబడి ఒకటి తిన్నాను.

సాయంత్రం కణాలు చల్లి, నూకరత్నం నడకను మొదటినుంచీ చివరిదాకా ఒకసారి వేసి చూశాను. మునివేళ్ళ మీద, చప్పుడు లేకుండా మొదలయ్యే భాగం చాలానే ఉంది. దాన్ని కత్తిరించి తీసేశాను. మడమ ఆనిన చోటినుంచి కడ్డీలకు ఇచ్చాను.

కడ్డీలు కదిలాయి. పట్టా మీద ఎవరూ లేరు. గది నిండా అడుగుల చప్పుడు, గట్టిగా, తొందర లేకుండా. నేను ముక్కాలిపీట లాక్కుని ఎదురుగా కూర్చున్నాను.